ఉత్త ఫ్లాష్

కృష్ణవేణమ్మ మంచి మనిషే. మార్కాపురంలో ఆమె ఉండే వీధి మొత్తం ఆ మాటే చెబుతుంది. చెప్పిన వెంటనే గొంతు తగ్గించి, "కాకపోతే పట్టిన పట్టు వదలదు" అని కూడా చెబుతుంది. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది చూపిస్తే అది తోక అంటుందని ఆమె కూతురు హేమలత వెక్కిరిస్తుంది.

ఆ పట్టుల్లో అన్నిటికన్నా పాతది సొంత అక్క మీద పట్టింది. అక్క పేరు వెంకటలక్ష్మమ్మ, కాపురం గిద్దలూరులో. తల్లిదండ్రులకు పుట్టింది వాళ్లిద్దరే. అమ్మానాయనా పోయి చాలా ఏళ్లయింది కాబట్టి, ఇప్పుడు ఒకరికొకరే పుట్టిల్లు. అట్లాంటి అక్కాచెల్లెళ్లు ఏ పెళ్లిలోనో ఎదురుపడితే మూడో మనిషిని మధ్యన పెట్టుకొని మాట్లాడుకుంటారు. "మీ పెద్దమ్మను ఇంకొంచెం మజ్జిగ పోసుకోమను" అని చెల్లెలు హేమలతతో అంటుంది. పెద్దమ్మ అక్కడే, అదే పంక్తిలో కూర్చొని ఉంటుంది. "మీ అమ్మను చల్లగాలికి తిరగొద్దని చెప్పు" అని అక్క కూడా హేమలతతోనే అంటుంది. చిన్నప్పటి నుంచీ ఒకరు చెప్పింది ఇంకొకరికి అప్పజెప్పడమే పని అయిపోయి, హేమలత చివరికి బడిపంతులమ్మగా కుదురుకుంది.

ఇంత వైరానికి కారణం పొలం గట్టో, అమ్మ నగో అయితే చుట్టాలకు అర్థమయ్యేది. ఏదో ఒక పెద్దమనిషి కూర్చోబెట్టి తెగ్గొట్టేవాడు. కారణం ఒక ఫోటో.

అక్క పెళ్లి త్రిపురాంతకం దగ్గర వాళ్ల ఊళ్లోనే జరిగింది. కృష్ణవేణమ్మ అప్పటికి లంగా ఓణీల పిల్ల. మార్కాపురం నుంచి ఫోటోలాయనను పిలిపించారు. మెడలో కెమెరా, భుజాన తోలు సంచి, నుదుటి మీద ఉంగరాల జుట్టు. పందిట్లో పెళ్లికొడుకు వెనకాల కన్నా ఆయన వెనకాలే జనం ఎక్కువ. కోడి కూయకముందు నుంచీ గాడిపొయ్యిల దగ్గరే ఉన్న అమ్మ, ఆ పూట ఎందుకు సరదా పుట్టిందో, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "నాయనా, నన్నూ నా చిన్నదాన్నీ ఒకటి తియ్యి" అంది. ఇద్దరూ పందిరి రాట పక్కన నిలబడ్డారు. అమ్మ చెయ్యి కృష్ణవేణమ్మ భుజం మీద పడింది. ఆ చేతికి ఇంకా ఉల్లిపాయ వాసన పోలేదు. ఫ్లాష్ మెరిసింది. అమ్మ కళ్లు చిట్లించి, చిన్నపిల్లలాగా పకపకా నవ్వింది. ఫోటోలాయన కెమెరా దించి, "శానా బాగా పడిందమ్మా. దీన్ని మాత్రం పెద్ద సైజు కొట్టించాల్సిందే" అన్నాడు.

ఆ ఏడే వానాకాలంలో అమ్మకు జ్వరం తగిలింది. వారం తిరక్కుండానే పోయింది.

ఫోటోలు చేతికి వచ్చేసరికి దసరా అయింది. కవరు, ఖాళీ ఆల్బమూ అక్క అత్తగారింటికే వెళ్లాయి. అక్కే కూర్చొని నల్ల అట్టల మీద ఒక్కొక్కటీ అతికించింది. కృష్ణవేణమ్మ పండగ మరుసటి రోజు వెళ్లి, ఒళ్లో పెట్టుకొని తిప్పింది. ఒక పేజీలో ఫోటో నాలుగు మూలలనూ పట్టుకునే కాగితపు మూలలు నాలుగూ అంటించి ఉన్నాయి. మధ్యలో ఫోటో లేదు.

"ఇది యాడ పోయింది?" అంది.

"నీదీ అమ్మదీ వస్తాదని చోటు పెట్టినా. రాలే" అంది అక్క.

కృష్ణవేణమ్మ నమ్మలేదు. మెరుపు అందరూ చూశారు. బాగా పడిందని తీసినాయనే చెప్పాడు. నాయన మార్కాపురం పోయి స్టూడియోలో అడిగితే, "పడినవన్నీ కడిగి ఇచ్చేసినాం" అన్నారు. ఇక పోయేదెక్కడికి? అమ్మ తనతో దిగకుండా చిన్నదానితో దిగిందని అక్క కడుపు మండి తీసేసింది, అంతే. ఆ ఆల్బంలో అమ్మ మరి ఒక్క ఫోటోలోనే ఉంది. కన్యాదానంలో, తల వంచుకొని, ముందు ఎవరిదో మోచెయ్యి అడ్డం. దాన్నే కత్తిరించి పెద్దది చేయించి గోడకు తగిలించుకున్నారు గానీ, అందులో ఉన్నది అమ్మ అని చెబితే తప్ప తెలియదు. నవ్వే అమ్మ ఉన్న ఫోటో అక్క దగ్గర ఉంది, చూపించడం లేదు. ఆ నమ్మకం మీదే కృష్ణవేణమ్మ పెళ్లి చేసుకుంది, బిడ్డను కన్నది, జుట్టు నెరిపించుకుంది.

ఇప్పుడు అక్క కొడుకు రాజేష్ గిద్దలూరులో ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి తల్లిదండ్రులే పీటల మీద కూర్చోవాలి. కూర్చునే ముందు ఆడమనిషికి పుట్టింటివాళ్లు చీర పెట్టాలి, అది ఆచారం. వెంకటలక్ష్మమ్మకు పుట్టింటివాళ్లంటే ఎవరున్నారు, చెల్లెలు తప్ప? ఆమె హేమలతకు ఫోన్ చేసి, "మీ అమ్మను రమ్మను పాపా" అంది. స్పీకరులో వింటున్న కృష్ణవేణమ్మ, "ఫోటో నా చేతిలో పెట్టమను. అప్పుడు చీర పెడతా" అంది. అవతల అక్క ఫోన్ పెట్టేసింది.

"పుట్టింటి చీర లేకుండా పెద్దమ్మ అంతమందిలో ఎట్ల కూర్చుంటాది మా?" అంది హేమలత.

"అది ఫోటో దాచేటప్పుడు అనుకోవాల్సింది."

హేమలత ఆ మాట అంతటితో వదిలేసింది. కాకపోతే ఆ శనివారం వాళ్ల బళ్లో పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నారనీ, ఇంట్లో కూర్చొని గోడల మీద అరిచేకన్నా వచ్చి చూడమనీ బలవంతం చేసి తీసుకుపోయింది.

ప్రదర్శన అంటే ఏమో అనుకుంది గానీ, చూస్తే కృష్ణవేణమ్మకు నవ్వు వచ్చింది. ఆమె చిన్నప్పుడు అటక మీద నుంచి విసిరేసిన సామానంతా బల్లల మీద దుప్పట్లు పరిచి పెట్టారు. కిరసనాయిలు పొయ్యి, ట్రాన్సిస్టరు రేడియో, గింజలు కొలిచే మానిక, తవ్వ, పలకల మీద పేర్లు చెక్కే ఉలి. వచ్చినవాళ్లంతా వాటిని చూసి అయ్యో అయ్యో అంటున్నారు, పోయిన చుట్టాలను తలుచుకున్నట్టు. ఆ పొయ్యికి మంట సరిగ్గా రాక తన కళ్లు ఎంత మండేవో ఒక్కరికీ గుర్తున్నట్టు లేదు. వాడడం తప్పాకే వస్తువు మీద ప్రేమ పుడుతుందేమో అనుకుంది.

ఒక బల్ల దగ్గర వెంకటసుబ్బయ్య అనే పెద్దాయన నిలబడి ఉన్నాడు. పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి మానుకున్న మనిషి. ఆయన ముందు ఇనుప లెక్కల మిషన్ ఉంది, పక్కన చిన్న పిడి. వైరు ఏదని పిల్లలు బల్ల కింద వెతుకుతున్నారు.

"దీనికి కరెంటు వద్దు నాయనా, చెయ్యి చాలు" అన్నాడాయన. "భాగారం చెయ్యాలంటే పిడి ఎనక్కి తిప్పుకుంటా తీసేసుకుంటా పోవాల. ఒకటి ఎక్కువ తీసేసినామనుకో, గంట కొడతాది. అప్పుడు ఒక్క తిప్పు ముందుకు తిప్పి, ఎక్కువ తీసేసింది మళ్లా కలుపుకోవాల."

తిప్పి చూపించాడు. గరగరా తిరిగి తిరిగి, లోపల ఎక్కడో టింగుమంది. పిల్లలు ఇంకోసారి ఇంకోసారి అని ఎగబడ్డారు.

"ఇప్పటి ఫోన్లు లెక్క ఊరికే చెప్తాయి. హద్దు దాటినావని చెప్పే గంట దేంట్లోనూ లే" అని ఆయన నిట్టూర్చాడు. కృష్ణవేణమ్మకు ఆ గంట చప్పుడు నచ్చింది. నిట్టూర్పు అంతగా నచ్చలేదు.

చివరి బల్ల దగ్గర గుంపు గట్టిగా ఉంది. కుర్చీలు వేసి ఎవరినో మాట్లాడిస్తున్నారు. హేమలత తల్లికి ముందు వరసలో ఒక కుర్చీ చూపించింది. బల్ల మీద రకరకాల కెమెరాలు, రీలు డబ్బాలు, ఎర్ర బల్బు ఒకటి. వాటి వెనకాల బట్టతల మనిషి ఒకాయన, తెల్ల చొక్కా, జేబులో కళ్లజోడు. మస్తానయ్య అని, ముప్పై ఏళ్ల పైన ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆయనే తీశాడనీ, ఆయన స్టూడియో ఉన్న చోటే ఇప్పుడు సెల్ ఫోన్ల కొట్టు ఉందనీ పరిచయం చేశారు. కృష్ణవేణమ్మ ముందుకు వంగి చూసింది. నుదుటి మీద ఉంగరాల జుట్టు ఉన్నట్టు ఊహించుకుంటే సరిపోయింది. అమ్మ నవ్వును పట్టిన మనిషి ఆయనే.

ఆయన కథలు చెప్పడంలో ఘటికుడు. ఎర్ర బల్బు వెలుగులో, నీళ్లలో తెల్ల కాగితం మీద మనిషి ముఖం మెల్లగా తేలడం ఎట్లా ఉంటుందో చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకొని విన్నారు. పెద్ద కెమెరా చేతిలోకి తీసుకొని, మీట బొటనవేలితో లాగి, గుండీ నొక్కాడు. టక్కుమంది. "ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తాది" అన్నాడు. "ఇప్పుడు ఫోన్లో కూడా ఆ చప్పుడే పెట్టినారు. లోపల కదిలేది ఏందీ లే, ఉత్త చప్పుడు."

"తాతా, ఫోటో బాగా రాకపోతే డిలీట్ చేసేవాళ్లా?" అని ఒక పిల్ల అడిగింది.

మస్తానయ్య నవ్వాడు. "వచ్చిందో రాలేదో కడిగేదాకా దేవుడికి కూడా తెలియదు పాపా. రీలు ఖర్చు. పెండ్లిపిల్ల నాయన మాట్లాడుకునేది ఒక్క రీలు, దండిగా ఉన్నోళ్లయితే రెండు. దాంట్లోనే తాళి రావాల, తలంబ్రాలు రావాల, అప్పగింతలు రావాల. పందిట్లో చూస్తే పిల్లోళ్లు, మేళగాళ్లు, వంటోళ్లు, అందరూ 'నాకొకటి తియ్యన్నా' అంటా ఎంటబడతారు. కాదంటే ముఖం చిన్నబోతాది. శుభకార్యం, ఎవరి మనసూ నొప్పించగూడదు. మరి ఏం చేసేవాళ్లం?"

కెమెరా నెత్తిన ఉన్న ఫ్లాష్ ఎత్తి చూపించి, దాని వెనకాల ఉన్న చిన్న మీటను గోటితో నొక్కాడు. ముందు వరస కళ్లు జిగేలుమన్నాయి. కెమెరా టక్కుమనలేదు.

"ఇది. ఉత్త ఫ్లాష్. ఎలుగు వస్తాది, రీలు కదలదు. బ్యాండు మేళంలో టక్కుమనిందా లేదా అని ఎవరు వింటారు? ఆళ్లకు సంతోషం, మనకు రీలు మిగులు. ఈ జిల్లాలో ఉత్త ఫ్లాష్ కొట్టని ఫోటోగ్రాఫరు యాడన్నా ఉన్నాడంటే నేను ఈ కెమెరాలన్నీ వానికి ఊరికే ఇచ్చేస్తా."

అందరూ గొల్లుమన్నారు. కృష్ణవేణమ్మ కూడా నవ్వింది. తన చిన్నాన్న పిల్లలు అక్క పెళ్లి రోజు ఎన్నిసార్లు నిక్కరు సర్దుకొని నిలబడ్డారో గుర్తొచ్చి నవ్వింది. తనకు అది తగులుతుందన్న ఊహ ఇంకా రాలేదు.

"మళ్లా వాళ్లకు అనుమానం రాకుండా ఒక మాట కూడా అనేవాణ్ణి" అని మస్తానయ్య గొంతు సవరించుకున్నాడు. కెమెరా దించినట్టు నటిస్తూ, తల ఆడిస్తూ, "'శానా బాగా పడిందమ్మా. దీన్ని మాత్రం పెద్ద సైజు కొట్టించాల్సిందే.'"

మళ్లీ నవ్వులు. ఈసారి కృష్ణవేణమ్మ నవ్వలేదు. అవే మాటలు. అదే తల ఆడించడం. ఆ వాక్యాన్ని ఆమె ఇన్నేళ్లూ రాతిమీద గీతలాగా దాచుకుంది. అక్కతో, నాయనతో, భర్తతో, కడకు పాలు పోసే ఆమెతో కూడా అదే చెప్పింది. తీసినాయనే బాగా పడిందన్నాడు గదా అని.

ఆమె లేచి నిలబడింది. హేమలత కంగారుపడి చూసింది.

"అన్నా, ఒక మాట" అంది. "నిజంగా తీసినదానికి కూడా ఆ మాట అనేవాడివా?"

"నిజంగా తీసినదానికా? ఎట్ల అంటామమ్మా?" అన్నాడాయన. "కడగకుండానే బాగా పడిందని ఏ ఫోటోగ్రాఫరూ అనడు. కండ్లు మూసినారో, మసకొచ్చిందో, ఎవరికి తెలుసు? నిజందానికి నోరు మూసుకొని మీట లాగేది, పక్కకు పోయేది. బాగా పడింది అన్నానంటే అది ఉత్తదే."

కృష్ణవేణమ్మ నిలబడే ఉంది. రాట పక్కన అమ్మ కనబడింది. పొయ్యి మసి అంటిన పాత చీర, కొంగుకు తుడుచుకున్న చేతులు. ఆమె పెళ్లికూతురి తల్లి అని ఆయనకు ఎవరు చెప్పారు? వంటోళ్లలో ఒకామె అనుకొని ఉంటాడు. అంతే. అక్క తియ్యలేదు. అక్క దాచలేదు. అక్క చెప్పింది చెప్పినట్టే నిజం. చోటు పెట్టింది, రాలేదు.

కోపం రావాలి. ఆమెకు కోపం రావడానికి ఇంతకన్నా చిన్న కారణాలు ఎన్నో సరిపోయాయి. ఆయన మీద రావాలి, తన మీద రావాలి, ఏ ఒక్కటీ రాలేదు. గుండెల మీద నుంచి తిరగలి రాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. అక్క దొంగ కాదు. ఇన్నేళ్ల నుంచి తను మనసులో ఎక్కడో ఒక మూల అక్క దొంగ కాకపోతే బాగుండునని కోరుకుంటూనే ఉన్నట్టు ఇప్పుడు తెలిసింది. నిలబడినచోటే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వు కూడా వచ్చింది.

"ఏందమ్మా, నీకు కూడా కొట్టినానా ఏంది?" అని మస్తానయ్య సరదాగా అడిగాడు.

"కొట్టినావులే అన్నా. త్రిపురాంతకం కాడ. నాకూ మా అమ్మకూ."

ఆయన ముఖంలో నవ్వు సగంలో ఆగింది. "శానా పెండ్లిండ్లు చేసినా తల్లీ, గుర్తు లేదు. కోపమా?"

"పొద్దున దాకా ఉండేది. నీ మీద మాత్రం కాదు" అని, కృష్ణవేణమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టుకొని బయటికి నడిచింది.

గృహప్రవేశం రేపు పొద్దునే. హేమలత వెనకాలే పరుగెత్తుకొచ్చి, "మా, యాడికి?" అంటే, "బట్టల దుకాణానికి" అంది. అక్కకు ఏ రంగు నచ్చుతుందో తెలియదు. చిన్నప్పుడు వంకాయ రంగంటే పడి చచ్చేది. అదే తీసుకుంది. బావకు పంచెల చాపు, పసుపు, కుంకుమ, పూలు. షాపతను డబ్బాలో పెట్టిస్తానంటే వద్దని, అమ్మ పెట్టినట్టు చేతిసంచిలోనే పెట్టించుకుంది.

గిద్దలూరు బస్సులో కూర్చున్నాక ధైర్యం తగ్గడం మొదలైంది. ఎట్లా చెప్పాలి? 'నువ్వు తియ్యలేదంట' అనాలా? అంటే, అది నాకు తెలియదా అని అక్క అనదా? తర్లుపాడు దాటేలోపల ఒక మాట అనుకుంది, కంభం వచ్చేసరికి అది బాగోలేదని ఇంకోటి అనుకుంది. ఫోన్లో పాటలు మోగించే ఒకతన్ని కసిరింది. పొలాల్లో కంది ఏపుగా ఉంది, దూరంగా నల్లమల కొండలు నీలంగా కూర్చొని ఉన్నాయి. ఆ ముసలాయన లెక్కల మిషన్ గంట గుర్తొచ్చింది. తన గంట కూడా మోగింది. ఎక్కువ తీసేసింది మళ్లీ కలుపుకోవడం ఒక్కటే మిగిలిన పని. అంత సుళువుగా అయితే బాగుండు అనుకుంది.

రాజేష్ కొత్త ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. సున్నం వాసన ఇంకా పోలేదు. వెంకటలక్ష్మమ్మ వెనక వరండాలో ఒంటరిగా కూర్చొని మామిడాకులు ఏరుతోంది. తల ఎత్తి చెల్లెల్ని చూసింది. చెల్లెలి వెనకాల హేమలత కోసం చూసింది, మాట్లాడాలంటే మధ్యలో ఆ పిల్ల ఉండాలి కదా. హేమలత తెలివైంది, షామియానా దగ్గరే ఆగిపోయింది.

"అక్కా" అంది కృష్ణవేణమ్మ.

నేరుగా ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో, వెంకటలక్ష్మమ్మ చేతిలో ఆకులు చేతిలోనే ఆగిపోయాయి.

కృష్ణవేణమ్మ బస్సులో సిద్ధం చేసుకున్న మాటలన్నీ మరిచిపోయింది. నేల మీద చతికిలబడి, మస్తానయ్య చెప్పిందంతా గడగడా చెప్పేసింది. మీట ఎట్లా నొక్కాడో గోటితో చూపించింది. ఆ పెద్ద సైజు మాట కూడా ఆయన తల ఆడించినట్టే ఆడించి చెప్పింది. "రీలే కదల్లేదక్కా. ఆ ఫోటో యాడా లే. నువ్వు మొదట్నించీ నిజమే చెప్పినావు. నేనే వినలే" అంది.

అక్క తిడుతుందనుకుంది కృష్ణవేణమ్మ. తిడితే పడాలని తయారై వచ్చింది కూడా. వెంకటలక్ష్మమ్మ ఆకుల కట్ట పక్కన పెట్టి, చెల్లెలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఖాయంగానా?" అంది.

"ఖాయం. ఆయన నోటితోనే చెప్పినాడు. పదిమందిలో."

"అసలు పడనే లేదా?"

"పడలే."

"రాజేష్ గాడు కడుపులో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టి వెంకటలక్ష్మమ్మ ఆగింది. మళ్లీ అందుకుంది. "పాత ఇంట్లో పెట్టెలో ఎలకలు పడినాయి. కాయితాలు, గుడ్డలు, అన్నీ కొట్టేసినాయి. ఊడ్చి తీసుకపోయి పొయ్యిలో పెట్టినా. మొదట్లో నాకు గట్టిగా తెలుసు, ఆ ఫోటో రాలేదని. నువ్వు ఒక్క మాట మీదనే ఉంటివి, తీసినాయన బాగా పడిందన్నాడు, బాగా పడిందన్నాడు అని. ఇనీ ఇనీ నాకే నమ్మకం పోయింది వేణీ. వచ్చిందేమో, నేనే యాడన్నా పెట్టి మరిచిపోయినానేమో, ఆ పెట్టెలో ఉన్నిందేమో అని. అమ్మను నవ్వుతా ఉన్నదాన్ని నా చేత్తోనే పొయ్యిలో పెట్టినానేమోనని, ఎన్ని రోజులు అన్నం దిగలేదో నీకు తెలియదు. అందుకే నువ్వు ఏమన్నా నేను ఎదురు చెప్పలే."

కృష్ణవేణమ్మ ఇన్నేళ్లూ మోసింది కోపమే. అక్క మోసింది ఇంకేదో, అంతకన్నా బరువైంది. దాన్ని ఆమె నెత్తిన పెట్టింది కూడా తనే.

"లేనిది పొయ్యిలో ఎట్ల పడతాదక్కా?" అంది.

వెంకటలక్ష్మమ్మ ఆ మాటను మళ్లీ మెల్లగా తనలో తాను అనుకుంది. లేనిది పొయ్యిలో ఎట్లా పడుతుంది. అప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. "ఆ ముదనష్టపోడు, పెద్ద సైజు కొట్టించాల్సిందే అన్నాడే" అంటూ నవ్వింది. కృష్ణవేణమ్మ కూడా అందుకుంది. ఇద్దరు నెరిసిన జుట్టు ఆడవాళ్లు మామిడాకుల మధ్య కూర్చొని, ఒకరి భుజం ఒకరు పట్టుకొని నవ్వుతుంటే, షామియానా కట్టేవాళ్లు తాళ్లు వదిలేసి తొంగి చూశారు.

"అమ్మ మాత్రం ఆ రోజు నిజంగానే నవ్విందక్కా" అంది కృష్ణవేణమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"నాకు తెలియదా? పీటల మీద నుంచి నేను చూస్తానే ఉంటిని. ఆ చీర మార్చుకోమ్మా అని పిలుద్దామనుకున్నా. ఇంతలో అయ్యగారు తల వంచుకోమన్నాడు."

చెల్లెలు గబుక్కున అక్క వైపు తిరిగింది. ఆ నవ్వును చూసినవాళ్లు ఈ లోకంలో ఇంకొకరు ఉన్నారని, అది కూడా అక్కేనని, ఆమె ఒక్కనాడూ అనుకోలేదు. అడిగితే కదా చెప్పేది.

"చెప్పు, ఎట్ల నవ్వింది?" అంది, సంచి పక్కకు జరిపి ఇంకాస్త దగ్గరగా కూర్చుంటూ. అక్క చెప్పింది.

మరుసటి రోజు పొద్దున వెంకటలక్ష్మమ్మ వంకాయ రంగు చీర కట్టుకొని పీటల మీద కూర్చుంది. పాలు పొంగాయి. పూజ అయ్యాక ఫోటోల కుర్రాడు పెద్ద కెమెరాతో వచ్చి, పుట్టింటివాళ్లు రండి ఆంటీ అని పిలిచాడు. పుట్టింటివాళ్లంతా కలిపి ఒక్కరే కాబట్టి కృష్ణవేణమ్మ వెళ్లి అక్క పక్కన నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది. ఫ్లాష్ మెరిసింది.

"ఒరే నాయనా" అంది వెంకటలక్ష్మమ్మ. "బాగా పడిందా?"

"సూపర్‌గా వచ్చింది పెద్దమ్మా" అన్నాడు ఆ కుర్రాడు.

అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని మళ్లీ నవ్వడం మొదలుపెట్టారు. తనేం తప్పు మాట అన్నాడో తెలియక ఆ పిల్లవాడు బిక్కముఖం వేసి, కెమెరా వెనక తెర వాళ్ల వైపు తిప్పాడు. అక్క కళ్లజోడు పెట్టుకొని, వంగి, నిదానంగా చూసింది.

"ఉందిలేవే" అని చెల్లెలితో చెప్పింది.